బల్లకు ముందు వారం

తార్నాకలో మా సంఘానికి ఒక అలవాటు ఉంది. నెల మొదటి ఆదివారం ప్రభు సంస్కారం జరుగుతుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆ ఆరాధనను మేము ‘బల్ల’ అంటాం. బల్లకు ముందు వారమంతా సంఘ పెద్దలు ఇళ్ళకు తిరుగుతారు. ఎవరికి ఎవరితో మాటలు లేవో కనుక్కుని, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, చేతులు కలిపించి, ప్రార్థన చేసి వస్తారు. మనసులో పగ పెట్టుకుని బల్లలో చెయ్యి వేయకూడదన్నది మిషనరీ దొరల కాలం నుంచి వస్తున్న కట్టుబాటు. చాలా సంఘాలు దీన్ని ఎప్పుడో వదిలేశాయి. మేము వదల్లేదు. వదలకపోవడానికి చాలావరకు నేనే కారణం.

నేను యూనివర్సిటీ పరీక్షల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. నా బల్ల మీదికి వచ్చిన ఫైలు సాయంత్రానికి కదిలిపోవాలి. లేకపోతే నాకు అన్నం సయించేది కాదు. ఉద్యోగం అయిపోయాక ఆ గుణం సంఘం మీదికి మళ్ళింది. వియ్యపురాళ్ళ అలకలు, పెళ్ళిపత్రికలో పేరు వేయలేదని మొహం చాటేసిన బాబాయిలు, చర్చి ఆవరణలో స్కూటరు ఎక్కడ పెట్టాలన్న తగాదాలు, ఇవన్నీ నేనే తీర్చేవాణ్ణి. చదువుకునే రోజుల నుంచి డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి ఏ రోజు ఎవరింటికి వెళ్ళానో, ఏ కీర్తన పాడామో, ఎలా ముగిసిందో రాసుకునేవాణ్ణి. ప్రతిదీ ఒకేలా ముగిసేది: ‘సమాధానపడ్డారు. దేవునికి స్తోత్రం.’

మా ఆవిడ నవ్వేది. “ఇంట్లో కుళాయి కారుతుంటే చూడరు గానీ, ఊళ్ళోవాళ్ళ కన్నీళ్ళు మాత్రం ఒక్క పూటలో కట్టేసి వస్తారు” అనేది. నేనూ నవ్వేవాణ్ణి. ఆ మాటలో నన్ను మెచ్చుకోవడమే వినపడేది నాకు.

ఇప్పుడు రాస్తున్నది ఇద్దరు యువకుల గురించి. ఇద్దరూ మా గాయకబృందంలో ఉండేవారు, ఇద్దరూ క్యాంపస్‌లో పరిశోధన విద్యార్థులే. పేర్లు రాయను. ఒకతను మెట్టుగూడ వాడు. తండ్రి రైల్వేలో పనిచేసి కన్నుమూశాడు, తల్లి ఉంది. రెండో అతను నల్గొండ వైపు నుంచి వచ్చాడు; తల్లిదండ్రులు ఇప్పటికీ కూలికి పోతారు. ఇద్దరికీ ఒకే హాస్టల్లో గదులు. పక్కపక్కన నిలబడి పాడేవారు. మెట్టుగూడ అబ్బాయి శ్రుతి తప్పడు, నల్గొండ అబ్బాయి అతన్ని పట్టుకుని పాడుకుపోతాడు. మేమందరం అలా అనుకునేవాళ్ళం.

ఆ ఏడాది హాస్టల్ మెస్ కమిటీలో మెట్టుగూడ అబ్బాయి ఉన్నాడు. బయటినుంచి వచ్చి గదుల్లో ఉంటున్నవాళ్ళకు మెస్‌లో ప్లేటు పెట్టకూడదని కమిటీ నిర్ణయించింది. నల్గొండ అబ్బాయి గదిలో వాళ్ళ ఊరివాళ్ళు ఇద్దరు ఉన్నారు, ఉద్యోగాల కోచింగ్ కోసం వచ్చినవాళ్ళు. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర మెట్టుగూడ అబ్బాయి వాళ్ళ ముందు నుంచి ప్లేట్లు తీయించేశాడు. అన్నం కలుపుకున్న ప్లేట్లు. మాటా మాటా పెరిగింది. నల్గొండ అబ్బాయి టేబుల్ మీద ఉన్న స్టీలు జగ్గు ఎత్తి అతని చెవి మీద కొట్టాడు. నిండా నీళ్ళున్న జగ్గు. ఒక్కసారితో ఆగలేదు.

ఎడమ చెవిలో కర్ణభేరి చిరిగింది. ఆసుపత్రిలో చేయగలిగింది చేశారు గానీ ఆ చెవికి వినికిడి రాలేదు. పోలీసు కేసు పెట్టారు. సరిగ్గా ఆ సమయానికే నల్గొండ అబ్బాయికి ప్రభుత్వ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. కేసు ఉంటే పోలీసు వెరిఫికేషన్‌లో ఆగిపోతుంది.

సంఘమంతా అతని మీదే జాలి పడింది. వాళ్ళ ఇంట్లో, బహుశా వాళ్ళ వాడలోనే, అంత చదివిన మొదటివాడు అతను. పెద్దల సమావేశంలో ఒకాయన అన్నాడు: “చెవి ఎట్లనో పోయింది. ఉద్యోగం గూడ పోవాల్నా?” నేను తల ఊపాను. ఊపినట్టు బాగా గుర్తు.

బల్లకు ముందు వారం వచ్చింది. మెట్టుగూడ అబ్బాయిని కలిసే పని నేను తీసుకున్నాను. రోజూ పొద్దున క్యాంపస్‌లో నడుస్తాను. లైబ్రరీకి వెళ్ళే దారిలో నిద్రగన్నేరు చెట్ల కింద అరుగు మీద కనపడ్డాడు. పక్కన కూర్చోబోతే లేచాడు.

“ఇటు దిక్కు కూసోండి అంకుల్. అటు నుంచి ఇనిపియ్యదు.”

కుడివైపుకు మారి కూర్చున్నాను. కుశల ప్రశ్నలు అయ్యాక అసలు సంగతికి వచ్చాను.

“ఆదివారం బల్ల కదా బాబూ. మనసులో ఇంత పెట్టుకుని చెయ్యి ఎలా వేస్తావు?”

“నేనేం జేసిన అంకుల్? దెబ్బలు తిన్న.”

“నువ్వు చేశావని కాదు. మీ ఇద్దరి మధ్య సమాధానం లేదు కదా.”

“లేదు. ఎట్లుంటది మరి?”

సిలువ మీద ప్రభువు తనను మేకులతో కొడుతున్నవాళ్ళనే క్షమించమని తండ్రిని అడిగిన సంగతి చెప్పాను. చాలా ఇళ్ళలో చెప్పిన మాటే. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో నాకు అలవాటే. అతను చివరిదాకా విన్నాడు.

“ప్రభువు తనంతట తాను అన్నడు అంకుల్. ఆదివారం లోపల అనమని ఎవ్వరొచ్చి చెప్పలే.”

నాకు నవ్వొచ్చింది. నవ్వుతున్నాడు కదా, దారికి వస్తున్నాడనుకున్నాను. నిజానికి అతను నవ్వలేదు. నేనొక్కణ్ణే నవ్వాను.

“అయితే ఈ నెల నువ్వు దూరంగా ఉండటం మంచిది” అన్నాను.

“మరి ఆయన?”

“అతనూ అంతే. ఇద్దరికీ ఒకటే రూలు.”

ఇద్దరికీ ఒకటే రూలు! ఆ మాట అన్నప్పుడు నాకు ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. నా ఉద్యోగమంతా ఆ మాట మీదే నడిచింది. కొట్టినవాణ్ణి, దెబ్బ తిన్నవాణ్ణి ఒకే వరసలో నిలబెట్టి దానికి న్యాయమని పేరు పెట్టుకున్నాను.

ఆ ఆదివారం ఇద్దరూ వెనక బెంచీల్లో చెరొక మూలా కూర్చున్నారు. రొట్టె పళ్ళెం ఆడవాళ్ళ వైపు తీసుకెళ్ళినప్పుడు చూశాను, మెట్టుగూడ అబ్బాయి తల్లి తన చోట లేదు. లేచి వెళ్ళి కొడుకు పక్కన కూర్చుంది. ఆమె మెట్టుగూడకు కోడలుగా వచ్చినప్పటి నుంచి బల్ల తప్పలేదని అందరికీ తెలుసు. ఆరాధన అయ్యాక గేటు దగ్గర ఆపి అడిగాను.

“నువ్వెందుకమ్మా మానుకున్నావు? నీకేం అడ్డు?”

“వానికి లేని రొట్టె నాకు గొంతు దిగుతదా అన్నా?” అంది. గట్టిగా ఏమీ అనలేదు. కొడుకు పక్కనే ఉన్నాడు. కుడిచెవి ఇటువైపే ఉంది.

ఆ వారమే అతను ఫోన్ చేశాడు. “అమ్మ కోసం వస్త. ఏం జెయ్యాల్నో చెప్పండి.” ఆ రోజు నా డైరీలో రాసుకున్నాను, దేవుడు అతని మనసు తాకాడని. తనను తాకింది ఎవరో అతను స్పష్టంగానే చెప్పాడు. నాకు కావలసింది నేను రాసుకున్నాను.

తర్వాతి బల్లకు ముందు శనివారం పాస్టరుగారి గదిలో కూర్చున్నాం. పాస్టరుగారు, నేను, వాళ్ళిద్దరూ, తల్లి. నల్గొండ అబ్బాయి లేచి నిలబడి, “ఏమన్న తప్పయితే మన్నించన్నా” అన్నాడు. మెట్టుగూడ అబ్బాయి కిటికీ వైపు చూస్తూ, “మన్నించిన” అన్నాడు. అంతే, ఒక్క మాట. ఇద్దరి చేతులూ నేనే పట్టుకుని కలిపాను. ఒకటి చెమటగా ఉంది, ఒకటి చల్లగా ఉంది. పాస్టరుగారు ఇరువైపుల బలహీనతలనూ ప్రభువు క్షమించాలని ప్రార్థించారు. పాస్టరమ్మగారు చాయ్, ఉస్మానియా బిస్కట్లు పంపారు. చాయ్ తెచ్చినవాళ్ళెవరో ఫోటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇంటికి చేరేసరికి దాని కింద దండాలు పెట్టే బొమ్మలు వరస కట్టాయి.

మరునాడు ప్రకటనలు చదివేటప్పుడు మైకులో చెప్పాను: “మన ఇద్దరు సహోదరుల మధ్య వచ్చిన అపార్థం దేవుని కృపచేత తొలగిపోయింది.” జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయింది. మెట్టుగూడ అబ్బాయి సంతకం పెట్టాడు. నేను వెంట వెళ్ళాను. నల్గొండ అబ్బాయికి నగరంలోనే పోస్టింగ్ వచ్చింది.

ఇక్కడితో ఆపినా సరిపోయేది. కానీ నాకు పని సగంలో వదలడం రాదు. సంఘానికి సాక్ష్యంగా ఉంటుందని గాయకబృందం నడిపే ఆయనకు చెప్పి, ఇద్దరినీ మునుపటిలాగే పక్కపక్కన నిలబెట్టించాను. మునుపటిలాగే అంటే నల్గొండ అబ్బాయి మెట్టుగూడ అబ్బాయికి ఎడమవైపు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక ఆదివారం ఇంటికి వస్తూ మా ఆవిడ అంది, “ఆ పిల్లాడు పాడటం లేదండీ.”

“ఎవరు?”

“మెట్టుగూడ పిల్లాడు. పెదవులే ఆడుతున్నాయి.”

“చెవి దెబ్బతింది కదా, శ్రుతి దొరకడం లేదేమో. అదే వస్తుంది.”

ఆవిడ నడక ఆపింది. “మీకు నిజంగా కనపడదా? రెండోవాడు పాటల పుస్తకంలో పేజీ తిప్పడానికి చెయ్యి ఎత్తినప్పుడల్లా వీడి మెడ లోపలికి పోతోంది. పెద్దల బెంచీ వాళ్ళకి ఎదురుగానే కదా. ఏం చూస్తున్నారు అక్కడ కూర్చుని?”

తర్వాతి ఆదివారం చూశాను. చెయ్యి పైకి లేచింది. మెట్టుగూడ అబ్బాయి భుజం చెవి దాకా ఎగిరి, మళ్ళీ కిందికి దిగింది. అతనికి అది తెలుస్తున్నట్టు కూడా లేదు. పక్కవాడికి తెలుస్తోంది. రెండో చరణంలో నల్గొండ అబ్బాయి పేజీ తిప్పడం మానేశాడు. తెలిసిన పాటే కాబోలు, చూడకుండా పాడాడు. నాకు ఆ రోజు ప్రసంగం ఒక్క ముక్క వినపడలేదు. అయినా ఎవరికీ ఏమీ చెప్పలేదు. సర్దుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఎందుకంటే సర్దుకోకపోతే అది నేను చేసిన పనే అవుతుంది.

సర్దుకోలేదు. ఆ నెలలోనే మెట్టుగూడ అబ్బాయి చర్చికి రావడం మానేశాడు. తల్లి కూడా మానేసింది.

తర్వాత ఒక బల్ల ఆదివారం వాక్యపఠనం నా వంతు వచ్చింది. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినవాడు, తన సహోదరుడికి తన మీద ఏదో ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలేసి ముందు అతని దగ్గరికి వెళ్ళాలని ప్రభువు చెప్పిన భాగం. మా కట్టుబాటుకు పునాది ఆ మాటలే. ఎన్నిసార్లు చదివానో. ముందురోజు కళ్ళజోడు తుడుచుకుని, ఇంట్లో పైకి చదివి చూసుకుని మరీ వచ్చాను. పుల్పిట్ దగ్గర నిలబడి చదువుతుంటే నా నోటి మాట నాకే కొత్తగా వినపడింది.

వెళ్ళవలసింది ఎవరు? ఎవరి మీద ఫిర్యాదు ఉందో వాడు. ఎవరు బాధపెట్టారో వాడు కానుక వదిలి లేవాలి, వాడు నడవాలి. బాధపడ్డవాణ్ణి ప్రభువు ఎక్కడికీ పంపడం లేదు. అతన్ని ఇంట్లోనే ఉండనిచ్చాడు. అతని గుమ్మం దగ్గరికి ఇంకొకడు రావాలి. నేను ఆ మాటను తలకిందులు చేసి, చెవి పోయినవాణ్ణి నడిపించాను. అతను నడవకపోతే రొట్టె ఆపాను.

చదువుతూ ఆగిపోయాను. వరస తప్పిందనుకుని పాస్టరుగారు లేచి పుస్తకంలో వేలు పెట్టి చూపించారు. పూర్తిచేసి వచ్చి కూర్చున్నాను. నా ఎదురుగా తెల్లగుడ్డ కప్పిన బల్ల ఉంది. ఇప్పుడు ఎవరికి ఎవరి మీద ఏముందో నాకు తెలుసు. ఒంట్లో బాగాలేదని చెప్పి పళ్ళెం పట్టుకోకుండా బయటికి వచ్చేశాను. ఆ మాట కూడా నిజం కాదు.

ఆ మధ్యాహ్నమే మెట్టుగూడ వెళ్ళాను. తలుపు తీసేసరికి లోపల టీవీ మోత. తల్లి, “తక్కువ జెయ్యిరా, అన్నొచ్చిండు” అంటే అతను పూర్తిగా ఆపేశాడు. కుర్చీ కుడివైపు వేసుకుని కూర్చున్నాను. ఆటోలో కూర్చుకున్న మాటలు చెప్పాను, తొందరపెట్టానని, తప్పు చేశానని, క్షమించమని.

“మీరు కొట్టలే గదా అంకుల్.”

“కొట్టలేదు. కొట్టినవాడికి నీ చెయ్యి తీసి ఇచ్చాను.”

అతను టీవీ రిమోట్ పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. “ఆ రోజు నేను మన్నించిన అన్న. అబద్ధం. నా లోపల ఏం లేదు, ఒక్క ముక్క లేదు. పాస్టరుగారి ముందట, దేవుని పేరు మీద అబద్ధమాడిన. మళ్ళ తెల్లారి రొట్టె తిన్న. కొట్టుడు వాని పాపం. గీ అబద్ధం నాది. అది మీరు ఆడిపిచ్చిండ్రు.”

“ఊకోరా. పెద్దమనిషి” అంది తల్లి.

“ఊకునే ఉన్ననమ్మా గిన్ని దినాలు.”

ఏం చేయమంటావని అడిగాను. అడుగుతూనే సిగ్గేసింది, ఇప్పుడు కూడా నాకొక పని చెప్పమని, అది చేసేసి బరువు దించుకుంటానని అతన్నే అడుగుతున్నాను.

“మైకుల అపార్థమని చెప్పిండ్రు. గదే మైకుల చెప్పుండ్రి, అపార్థం గాదు, కొట్టిండని. నేను ఇంక మన్నించలేదని గూడ.”

“చెప్తే వస్తావా?” నోరు జారింది.

అతను నవ్వాడు. ఈసారి నిజంగానే నవ్వాడు. “చూసినవా అమ్మా? మళ్ళ బేరం.”

తల్లి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

పాస్టరుగారికి చెప్పాను. ఆయన మంచి మనిషి, నాకంటే బాగా చిన్నవాడు. “ఇప్పుడెందుకు బ్రదర్ గారూ? మానిన గాయం రేపడం కాదా?”

“ఎవరికి మానింది అయ్యగారూ?”

“ఆ అబ్బాయి ఉద్యోగం చూడండి. మన ఆరాధన ఆన్‌లైన్‌లో కూడా వస్తోంది. ఎవరైనా కాలేజీలో చూపిస్తే? ఒకరిని ఆదుకోబోయి ఇంకొకరిని ముంచుతామా?”

ఆ మాటలో న్యాయం ఉంది. నాకు భయమేసింది కూడా; ఆ భయానికి ఆయన మాట మంచి సాకుగా దొరికింది. ఆ ఆదివారం మైకు దగ్గరికి వెళ్ళి, యువజన కూడిక, స్త్రీల సమాజం మీటింగు, శనివారం చర్చి శుభ్రం చేసే వంతులు చదివి వచ్చి కూర్చున్నాను. తర్వాతి ఆదివారం కూడా అంతే. మా ఆవిడ ఇంటికి వచ్చాక చెప్పులు విప్పుతూ, “అన్నీ చదివారు. అదొక్కటీ మింగేశారు” అంది.

అలా మింగుతూ ఉండగా తోచింది, నల్గొండ అబ్బాయికి ముందు చెప్పకుండా మైకులో చెప్పడం సరికాదని. ఫోన్ చేసి క్యాంపస్‌కు రమ్మన్నాను. కొత్త చొక్కా, ఇస్త్రీ ప్యాంటు, మెడలో కాలేజీ కార్డుతో డ్యూటీ నుంచి అలాగే వచ్చాడు. నడుస్తూ అంతా చెప్పాను. మొహం తెల్లబోయింది.

“మా అమ్మ ఇంకా కూలికే పోతది అంకుల్. మొన్ననే ఇల్లు రేకులు తీసి స్లాబు ఏద్దామన్న. ఇప్పుడు మైకుల గట్లంటే ఎట్ల?”

“నీ పేరు చెప్పను. నీ ఉద్యోగానికి అడ్డం వచ్చే మాట ఏదీ అనను. కానీ అపార్థం అన్నది నేను. ఆ మాట వెనక్కి తీసుకోవాలి.”

“నేను మాఫీ అడిగిన గదా.”

“దేనికి అడిగావు నాయనా? ఏమన్న తప్పయితే అన్నావు. తప్పయిందో లేదో నీకు తెలియదా?”

అతను నడక ఆపి నా వైపు తిరిగాడు. అంత కోపం నేను అతనిలో ఎప్పుడూ చూడలేదు.

“గట్లనమన్నది మీరే గదా అంకుల్! నేను జగ్గు సంగతి చెప్దామనే వచ్చిన ఆ దినం. కొట్టిన, నాకు ఒళ్ళు తెల్వలే, నిద్ర పడతలేదు, గిదంతా అందామనుకున్న. మీరే బయట వరండాల ఆపి, ఇంక కేసు నడుస్తున్నది, కొట్టిన అని నోటితోని ఒప్పుకోకు, ఏమన్న తప్పయితే అను సాలు అన్నరు. మీరు అంతకాలం ఆఫీసుల చేసిండ్రు, మీకు తెలుస్తదనుకున్న.”

అన్నాను. ఆ వరండా, గోడమీద సండే స్కూలు పిల్లలు అంటించిన రంగు కాగితాలు, నా గొంతు తగ్గించిన తీరు, అన్నీ కళ్ళ ముందు నిలిచాయి. పరీక్షల విభాగంలో ఉత్తరాలకు జవాబు రాసేటప్పుడు ఎవరికీ పట్టుబడని వాక్యం రాయడం మాకు పని నేర్పిన పెద్దలు నేర్పారు. ఆ వాక్యమే తెచ్చి ఒక పశ్చాత్తాపం నోట్లో పెట్టాను. ఒకడు నిజం చెప్పడానికి వచ్చాడు, వద్దన్నాను. ఇంకొకడు అబద్ధం చెప్పనన్నాడు, చెప్పించాను. ఇంత అయ్యాక దాన్ని సమాధానమన్నాను.

“పోనీ, మీరేం జేస్తరో జేయండి” అన్నాడు అతను చివరికి. “నాకైతే వాడు పక్కన నిలవడ్డన్ని దినాలు పాట సక్కగ రాలే. నేను చెయ్యెత్తితే బెదురుతుండె. మీకు తెల్వదు గది ఎట్లుంటదో.”

ఆ ఆదివారం ప్రకటనల కాగితం చదివాక మడిచి జేబులో పెట్టుకుని, రాసుకోకుండా చెప్పాను. నాకు రాసుకోకుండా మాట్లాడటం రాదు, తడబడ్డాను. “ఇద్దరు సహోదరుల మధ్య అపార్థం తొలగిందని ఇదే మైకులో నేను చెప్పాను. అది అపార్థం కాదు. ఒకరు కొట్టారు, ఒకరు దెబ్బ తిన్నారు. కొట్టిన సహోదరుడు ఆ సంగతి తానే ఒప్పుకోవాలని వచ్చాడు, నేను ఒప్పుకోనివ్వలేదు. దెబ్బ తిన్న సహోదరుడికి క్షమించేదాకా బల్ల లేదని చెప్పాను. అలా చెప్పే అధికారం నాకు లేదు. ఆయన ఇంకా క్షమించలేదు. క్షమించలేదని ఆయన్ని ఎవరూ ఏమీ అనవద్దు. నన్ను అనండి.”

పాస్టరుగారు వెంటనే కీర్తన ఎత్తుకున్నారు. గాయకబృందంలో నల్గొండ అబ్బాయి తల దించుకుని నిలబడ్డాడు. ఆశీర్వచనానికి ముందే వెనకనుంచి వెళ్ళిపోయాడు.

బయట చెట్టు కింద జనం గుంపులుగా నిలబడ్డారు. నేను దగ్గరికి వెళితే మాటలు ఆగాయి. చెవి ఎట్లనో పోయిందన్న పెద్దాయన నా ముందుకు వచ్చి, “మాకందరికీ మచ్చ తెచ్చినవ్ కదా సార్. ఇంట్ల మాట్లాడుకునే ముచ్చట మైకులనా?” అన్నాడు. స్త్రీల సమాజం ముసలావిడ ఒకామె మా ఆవిడ చెయ్యి పట్టుకుని, ఎప్పుడో నేను ఆమెకూ కోడలికీ చేతులు కలిపించిన సంగతి ఎత్తింది. “మన్నించిన అని నేను గూడ అప్పుడు ఉత్తగనే అన్ననమ్మా” అంది. ఎంతమంది అలా ఉత్తగనే అన్నారో. నా డైరీల్లో ఆ రోజులన్నిటి కిందా స్తోత్రం అని ఉంది.

పెద్దల సమావేశంలో ప్రకటనల పని నా నుంచి తీసేశారు. ఇకమీదట బల్లకు ముందు వారం పాస్టరుగారు ఒక్కరే తిరుగుతారని నిర్ణయించారు. నేను అభ్యంతరం చెప్పలేదు. బల్లకు నేను వెళ్ళడం లేదు. వెనక బెంచీలో కూర్చుంటాను. పళ్ళెం వస్తే పక్కవాళ్ళకు అందిస్తాను. ఇది నాకు నేను వేసుకున్న శిక్షేనా, లేక దీన్ని కూడా నలుగురూ చూడాలని చేస్తున్నానా అని మా ఆవిడ అడిగింది. నాకు తెలియదు.

మొన్న సాయంత్రం మెట్టుగూడ అబ్బాయి ఫోన్ చేశాడు.

“చెప్పిండ్రంట గదా.”

“చెప్పాను.”

“ఫోన్ల చూసిన. బాగ తడబడ్డరు.” గొంతులో ఎగతాళి ఉందో లేదో తెలియలేదు. ఆగి అడిగాడు, “నిన్న వాడొచ్చిండు మా ఇంటికి. మీరు పంపిచ్చిండ్రా?”

“లేదు.”

“నిజం చెప్పుండ్రి అంకుల్.”

“నిజంగా పంపలేదు బాబూ. వెళ్తాడని కూడా నాకు తెలియదు.”

అవతల వాళ్ళ వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్న చప్పుడు వినపడింది.

“లోపలికి రాలే. గేటు కాడ నిలవడ్డడు. జగ్గుతోని కొట్టిన అన్నడు, గట్టిగ, పక్కింటోళ్ళు ఇనేటట్టు. అమ్మ మంచినీళ్ళు ఇచ్చింది. నేను బయటికి పోలే.”

“సరే.”

“పోవాల్నా?”

నా దగ్గర జవాబు లేకపోలేదు. ఒకటికి పది ఉన్నాయి. గొంతుదాకా వచ్చాయి.

“నాకు తెలియదు బాబూ” అన్నాను.

“అమ్మ వచ్చే బల్లకు వస్తదంట. నేను రాను.”

“మంచిది.”

“రమ్మంటరనుకున్న.”

“అనను.”

అతను ఫోన్ పెట్టేశాడు. నన్ను క్షమించానని అనలేదు. నేను అడగలేదు. కొంతసేపటికి నల్గొండ అబ్బాయి నంబరు తీశాను. మళ్ళీ ఒకసారి వెళ్ళు, గేటు దగ్గరే నిలబడు, తొందరపడకు, ఇలా నాలుగు మాటలు చెప్తే బాగుంటుందనిపించింది. నంబరు మీద వేలు పెట్టబోయి, ఫోను తీసుకెళ్ళి వంటింట్లో మా ఆవిడ చేతికి ఇచ్చి, రేపటిదాకా నాకు ఇవ్వద్దని చెప్పాను.